కాలయంత్రానికి కాపలాదారులు

సినిమా థియేటర్లో ఆడేది నాలుగు వారాలో, వంద రోజులో. ఆ తర్వాత దాన్ని బతికించేదెవరు? తీసినవాళ్లు కొంత... అభిమానులు ఎంతో! ఒకే ఒక్క సైన్స్‌ ఫిక్షన్‌ సినిమా కోసం ఏళ్ల తరబడి వెబ్‌సైట్లు నడిపినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మన 'ఆదిత్య 369'కి ఆ పని చేయాలంటే అమెరికా వెళ్లక్కర్లేదు. జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో కూర్చుని కూడా చేయొచ్చు.

1991 జులై 18న 'ఆదిత్య 369' విడుదలైంది. సరిగ్గా పంతొమ్మిది రోజులకు, ఆగస్టు 6న, సెర్న్‌ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్‌ బెర్నర్స్‌-లీ తాను తయారుచేసిన వరల్డ్‌ వైడ్‌ వెబ్‌ గురించి బయటి ప్రపంచానికి చెప్పాడు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడ్‌ తొలి ప్రమాణంలో తెలుగు అక్షరాలకూ చోటు దక్కింది. అంటే తెలుగు తెర మీదికి కాలయంత్రం, ప్రపంచానికి వెబ్‌, కంప్యూటర్‌కి తెలుగు లిపి... మూడూ ఒక్క ఏడాదిలోనే వచ్చాయన్నమాట!

ఆ మూడింటినీ ఒకచోట కలిపేవాడే అభిమాని.

ఒక విమానం... ఒక ఆలోచన

కథ అందరికీ తెలిసిందే. ప్రొఫెసర్‌ రామదాసు కాలయంత్రం తయారుచేస్తాడు. అందులో ఎక్కిన కృష్ణకుమార్‌, హేమ 1526కి వెళ్లి శ్రీకృష్ణదేవరాయల కొలువు చూస్తారు. అక్కణ్నుంచి 2504కి వెళ్తారు. హెచ్‌.జి.వెల్స్‌ 'టైమ్‌ మెషీన్‌' నవల చదివినప్పటి నుంచి దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు మనసులో ఉన్న ఆలోచన ఇది. విమాన ప్రయాణంలో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంతో ఆ మాట పంచుకోవడం, ఆయన చొరవతో శ్రీదేవి మూవీస్‌ శివలెంక కృష్ణప్రసాద్‌ నిర్మాణానికి ముందుకు రావడం... అలా మొదలైంది సినిమా. ఇళయరాజా సంగీతం, జంధ్యాల మాటలు. రాయలుగా, కృష్ణకుమార్‌గా బాలకృష్ణ.

మామూలు ప్రేక్షకుడికి ఇంత తెలిస్తే చాలు. అభిమానికి చాలదు. కెమెరా ఎవరు అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకే ఆసక్తికరమైన జవాబుంది. ఈ సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు... పి.సి.శ్రీరామ్‌, వి.ఎస్‌.ఆర్‌.స్వామి, కబీర్‌లాల్‌. మూడు కాలాల కథకు మూడు కెమెరా కళ్లు! అలా ఎందుకు జరిగింది, ఏ సన్నివేశం ఎవరిది, ఏ సెట్‌ ఎక్కడ వేశారు... ఇలాంటి వివరాల్ని ఒక్కచోట చేర్చి, తప్పొప్పులు సరిచూసి, ఎవరు అడిగినా చూపించగలగడమే అభిమాని నడిపే వెబ్‌సైటు చేసే పని.

ఆరుగురిలో ఒకరేరీ?

అభిమానుల పరిశీలన ఎంత నిశితంగా ఉంటుందో తెలియాలంటే 'బ్లేడ్‌ రన్నర్‌' కథ చెప్పుకోవాలి. రిడ్లీ స్కాట్‌ తీసిన ఆ సినిమా 1982లో విడుదలైనప్పుడు పెద్దగా ఆడలేదు. కానీ వీడియో క్యాసెట్లలో మళ్లీ మళ్లీ చూసినవాళ్లు దాన్ని వదల్లేదు. వెబ్‌ ఇంకా ఊపందుకోకముందే, 'తరచూ అడిగే ప్రశ్నలు' అంటూ ఒక పెద్ద పత్రాన్ని తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తర్వాత వెబ్‌సైట్లొచ్చాయి.

అందులో బాగా నలిగిన ప్రశ్న ఒకటుంది. తప్పించుకున్న కృత్రిమ మనుషులు ఆరుగురని పోలీసు అధికారి చెబుతాడు. ఒకరు కరెంటు తగిలి పోయారంటాడు. అంటే అయిదుగురు మిగలాలి. సినిమాలో కనిపించేది నలుగురే. మరి అయిదో మనిషేడీ? అభిమానులు ఏళ్ల తరబడి దీనిమీద వాదించుకున్నారు. అది స్క్రిప్టు మారినప్పుడు మిగిలిపోయిన పొరపాటు. పాతికేళ్ల తర్వాత, 2007లో దర్శకుడు 'ఫైనల్‌ కట్‌' విడుదల చేసినప్పుడు ఆ డైలాగు మారింది. ఒకరు కాదు, ఇద్దరు పోయారని! లెక్క సరిపోయింది.

ఇక 'బ్యాక్‌ టు ద ఫ్యూచర్‌' అభిమానులదైతే ఏకంగా కాలయంత్రాన్నే కాపాడిన ఘనత. 1985 నాటి ఆ సినిమాలో కాలయంత్రంగా వాడిన అసలు డెలోరియన్‌ కారు యూనివర్సల్‌ స్టూడియోలో ఆరుబయట ఎండకు ఎండి, వానకు తడిసి, భాగాలు ఊడిపోయి పాడుబడింది. 2011లో దాన్ని బాగుచేసే పని మొదలైనప్పుడు రచయిత బాబ్‌ గేల్‌ నమ్మింది అభిమానుల్నే. జో వాల్సర్‌ అనే అభిమాని నాయకత్వంలోని బృందం, ఏ మీట ఎక్కడుండాలో పాత ఫొటోలతో సరిచూసుకుంటూ కారుకు పూర్వరూపం తెచ్చింది. ఇప్పుడది లాస్‌ఏంజెలెస్‌లోని పీటర్సన్‌ మ్యూజియం సొత్తు.

చిత్తు కాగితమే సాక్ష్యం

ఇంతా చేస్తే ఇదంతా కాలక్షేపమే కదా అనిపించవచ్చు. కాదు. సినిమా నిజంగానే పోతుంది!

సైన్స్‌ ఫిక్షన్‌ సినిమాలకు తాతలాంటిది జర్మనీ వారి 'మెట్రోపోలిస్‌'. 1927 జనవరిలో బెర్లిన్‌లో తొలి ప్రదర్శన జరిగిన కొద్ది నెలలకే దాన్ని కత్తిరించేశారు. తీసేసిన భాగం ఇక దొరకదనే అందరూ అనుకున్నారు. పరిశోధకులు మాత్రం ఆశ వదులుకోలేదు. సెన్సారు కార్డులు, ఫొటోలు, వాద్యబృందం వాయించిన సంగీతం రాతప్రతి... ఇలాంటివి ముందేసుకుని ఏ సన్నివేశం తర్వాత ఏది రావాలో అంచనా కట్టారు. చివరికి 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్‌ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియంలో పాత ప్రతి ఒకటి బయటపడింది. సుమారు 25 నిమిషాల సినిమా తిరిగొచ్చింది. ఒకప్పుడు ఓ పంపిణీదారు కొనుక్కెళ్లిన ప్రతి, ఓ సినీ విమర్శకుడి సేకరణలో చేరబట్టే అది మిగిలింది. 2010లో ఆ సినిమా మళ్లీ బెర్లిన్‌ తెరకెక్కింది.

అంత దూరం ఎందుకు? తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సంగతే చూడండి. ఆ సినిమాను చూసే భాగ్యం మనకు లేదు. అంతేనా... అది ఎప్పుడు విడుదలైందో కూడా దశాబ్దాల పాటు తప్పుగానే చెప్పుకున్నాం. 1931 సెప్టెంబరు 15 అని పుస్తకాలన్నీ రాశాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఏళ్ల తరబడి శోధించి, సెన్సారు వివరాలు, నాటి పత్రికల ఆధారాలతో అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. తెలుగు టాకీ పుట్టినరోజు దొరికింది సినిమా రీలులో కాదు... పాత కాగితాల్లో!

'ఆదిత్య 369' అదృష్టం బాగుంది. 4కె నాణ్యతతో ముస్తాబై 2025 ఏప్రిల్‌ 4న మళ్లీ థియేటర్లకు వచ్చింది. సినిమా క్షేమం. మరి సినిమా వెనకున్న కథ? మాటలు రాసిన జంధ్యాల 2001లో కన్నుమూశారు. విలన్‌గా భయపెట్టిన అమ్రీష్‌ పురి 2005లో, సుత్తివేలు 2012లో, సినిమాకు ఊపిరిపోసిన బాలు 2020లో, తెనాలి రామలింగడిగా నవ్వించిన చంద్రమోహన్‌ 2023లో వెళ్లిపోయారు. అడగాల్సిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. జవాబు చెప్పేవాళ్లే ఒక్కొక్కరుగా తగ్గిపోతున్నారు.

మన నేలకు కొత్తేం కాదు

1991లో జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి మూడూ వరంగల్‌ జిల్లాలోని పట్టణాలే. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. పోయినదాన్ని వెతికి పూరించడం, ఉన్నదాన్ని రాసి నిలపడం ఈ నేలకు కొత్తకాదు.

జనగామ జిల్లా బమ్మెర పోతన ఊరు. ఆయన భాగవతం తాళపత్రాలు కొన్ని శిథిలమైతే గంగన, సింగన, నారయ ఆ స్కంధాల్ని పూరించారని చెబుతారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వాళ్లు పోతన అభిమానులే! నేడు ఆ భాగవతం మొత్తం పద్యం పద్యంగా, అర్థాలతో సహా తెలుగుభాగవతం.ఆర్గ్‌ అనే వెబ్‌సైటులో ఉంది. యూనికోడ్‌ తొలి రోజుల్లో నెట్‌లో తెలుగు చదివినవారికి 'పోతన' ఫాంటూ గుర్తుండే ఉంటుంది.

మహబూబాబాద్‌ జిల్లా బయ్యారంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు తవ్వించి శాసనం వేయించింది. అందులో కాకతీయుల వంశక్రమం చెక్కించింది. చరిత్రకారులకు అది పెన్నిధి. ఇక భూపాలపల్లి... సింగరేణి గనుల ఊరు. అక్కడ బొగ్గుపెళ్ల ఒక్కటి చేతిలోకి తీసుకుంటే పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవి చేతిలో ఉన్నట్టే. కాలయంత్రం ఎక్కకుండానే!

ఎలా మొదలెట్టాలి?

ముందు పేరు కావాలి. డొమైన్‌ అనే ఈ పేరును కొనడమంటే నిజానికి అద్దెకు తీసుకోవడమే. ఏటా వెయ్యి రూపాయల అటూ ఇటూ అవుతుంది. అద్దె కట్టడం మరిస్తే ఆ పేరు వేరొకరి పాలవుతుంది. పేజీలు దాచుకోవడానికి హోస్టింగ్‌ ఖర్చు వేరు. రంగుల హంగులకన్నా తేలిగ్గా తెరుచుకునే పేజీలే మేలు. పల్లెలో పాత ఫోన్లోనూ చదవగలగాలి.

తర్వాతది హక్కుల సంగతి. మన చట్టం ప్రకారం సినిమా మీద హక్కులు విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లుంటాయి. అంటే 'ఆదిత్య 369'కి 2051 చివరి దాకా అన్నమాట. సినిమానో, పాటలనో ఎత్తి పెట్టేయడం కుదరదు. విమర్శ, సమీక్షల కోసం సముచితమైన వాడకాన్ని మాత్రం చట్టం ఒప్పుకుంటుంది. అయినా మంచి అభిమానికి వాటితో పనేముంది? అతడి సొంత సరుకు వేరే ఉంది. ట్రంకుపెట్టె అడుగున దాచిన టిక్కెట్టు ముక్క. థియేటరు బయట అమ్మిన పాటల పుస్తకం... సగం కథ చెప్పి 'మిగతాది వెండితెరపై చూడండి' అని ఊరించేది. 'మేమందరం ఎడ్లబండి కట్టుకుని వెళ్లాం' అనే తాతయ్య మాట. ఇవి ఏ నిర్మాత దగ్గరా దొరకవు.

మూడోది అన్నిటికన్నా కష్టం... నిజాయతీ. విన్నది వేరు, రుజువున్నది వేరు. 'ఆధారం ఉంది', 'అలా అంటారు' అని రెండు వరుసలు పెట్టుకుంటే చాలు. తప్పని తేలితే దిద్దుకోవాలి. ఎప్పుడు దిద్దారో తేదీ వేయాలి. అభిమానం కళ్లు మూసేస్తే అది భజన మందిరం అవుతుంది. కళ్లు తెరిపిస్తే గ్రంథాలయం అవుతుంది.

చివరిది... వెబ్‌సైటూ చనిపోతుంది! 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలమంది ఉచితంగా సొంత పేజీలు పెట్టుకున్నారు. సినిమా అభిమానులకు అదో పెద్ద కాలనీ. 2009 అక్టోబరు 26న దాన్ని మూసేశారు. ఔత్సాహికులు, ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ సంస్థ ముందే నకళ్లు తీయబట్టి కొన్నైనా మిగిలాయి. కాబట్టి పేజీల నకలు ఇంట్లో ఒకటి, వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఒకటి ఉండాల్సిందే. తాళపత్రాల కాలంలో చెదలు... ఇప్పుడు చెల్లించని అద్దె. తేడా అంతే!

1999లో ఐడిల్‌బ్రెయిన్‌ లాంటి వెబ్‌సైట్లు మొదలైనప్పుడు తెలుగు సినిమా ముచ్చట్లు నెట్‌లో ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగేవి. ఇప్పుడు చేతిలో ఫోనుంది, అందులో తెలుగుంది. ఒక కుటుంబం సెలవు రోజుల్లో చేసుకోదగ్గ పని ఇది. పిల్లలు పేజీలు కడతారు, పెద్దలు జ్ఞాపకాలు చెబుతారు. మొదటి పేజీకి కంప్యూటర్‌ కూడా అక్కర్లేదు. భోజనాల దగ్గర ఒక్క ప్రశ్న అడిగితే చాలు...

'అమ్మా, ఆదిత్య 369 ఏ టాకీసుల చూసినవ్‌?'