ఒకటికి డెబ్బై రెండు

మన కొంటా మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా వెళితే భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు దాటాక కొండపల్లి వస్తుంది. అక్కడి పనివారు తెల్ల పొణికి అనే తేలిక కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి బొమ్మలు చేస్తారు. వాళ్ళ అంబారీ ఏనుగు ఎంతో అందంగా ఉంటుంది. కాని దాన్ని కొలిచి అసలు ఏనుగు ఎత్తెంతో చెప్పలేం. అలా కొలిచి చెప్పగలిగితే దాన్ని నమూనా అంటాం. పిల్లలూ, ఈ తేడాను ఒక పాత యుద్ధవిమానం సాయంతో తెలుసుకుందాం.

ఆ విమానం పేరు హెచ్.ఎఫ్-24 మరుత్. వేదాల్లో మరుత్తులు గాలి దేవతలు. మనం గాలిని మారుతమనీ, ఆంజనేయుణ్ణి మారుతి అనీ అంటాం కదా, ఆ మాటే ఇది. మన దేశంలోనే రూపకల్పన చేసి తయారుచేసిన ఈ తొలి జెట్ యుద్ధవిమానం బెంగళూరులో, జర్మన్ ఇంజనీరు కర్ట్ టాంక్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకుంది. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని తొలిసారి ఆకాశంలోకి తీసుకెళ్ళారు. 1971 యుద్ధంలో అది పాల్గొంది.

విమాన నమూనాలకు ఎక్కువగా వాడే స్కేలు 1:72. అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. మరుత్ పొడవు 15.87 మీటర్లు, రెక్కల చివరి నుంచి చివరికి 9 మీటర్లు, ఎత్తు 3.6 మీటర్లు. ఒక్కోదాన్నీ 72తో భాగించండి. పొడవు 22 సెంటీమీటర్లు, రెక్కలు 12.5, ఎత్తు 5 వస్తాయి. కాని రెక్క వెనక్కి వాలిన కోణాన్ని మాత్రం భాగించకూడదు. పొడవులు తగ్గుతాయి, కోణాలు తగ్గవు. కాబట్టి కోణమానినితో పటంలో ఎంత ఉందో నమూనాలోనూ అంతే ఉంచాలి.

ఇక్కడి నుంచే అసలు కష్టం. నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పితే, విమానంలో ఏడు సెంటీమీటర్లు తప్పినట్టు. మిల్లీమీటరు మందం అట్టతో రెక్క చేస్తే దాని అంచు అసలు విమానంలో మీ అరచేతి వెడల్పంత మొద్దుగా ఉన్నట్టే. అందుకే అంచులను సాండ్ పేపర్‌తో పలచగా రుద్దాలి. అర మిల్లీమీటరు పెన్సిలు గీతతో రేకుల అతుకు చూపిస్తే, రేకుల మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు ఉన్నట్టు కనిపిస్తుంది. ముక్కు దగ్గరున్న నాలుగు ఫిరంగుల గొట్టాల లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు. నమూనాలో అది 0.4 మాత్రమే. సూదిమొనతో పొడిచిన చిల్లు చాలు.

ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. మరుత్ ఎగరడానికి రెండేళ్ళ ముందు, 1959లో, ఇంజనీర్లు దాని కొలతలతోనే, 1:1 స్కేలులో, ఒక చెక్క గ్లైడర్ చేశారు. దానికి ఇంజన్ లేదు. డకోటా విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదిలితే అది గాలిలో జారుతూ దిగేది. అలా 78 సార్లు ఎగిరి, ఆ రూపం గాలిలో ఎలా నిలుస్తుందో చెప్పింది. కొలత తప్పి ఉంటే ఆ జవాబులు కూడా తప్పేవి. కొత్త విమానాన్ని పరీక్షించడం ప్రాణాలతో పని. సురంజన్ దాస్ 1970లో మరుత్ పరీక్షలోనే అసువులు బాశారు.

అమ్మకో నాన్నకో బదిలీ అయితే సగం చేసిన పని ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. నేనూ బదిలీల మనిషినే, ఆ బెంగ నాకు తెలుసు. కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. చక్రాలు, ఫిరంగుల వంటి సన్నని భాగాలు ఆఖరున అతికించండి, సామాన్ల లారీలో ముందు విరిగేవి అవే. ఈ విమానం మొత్తం పాత గుడ్డలో చుట్టి పెడితే ఒక చెప్పుల పెట్టెలో పడుతుంది. కొత్త ఊళ్ళో పెట్టె తెరిచి, పుస్తకం పక్కన పెట్టుకుని, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టవచ్చు. స్కేలు అక్కడా 1:72నే.