చిన్న గుండెకు తొందరెక్కువ

జనవరి 14, 15 తేదీల్లో సూరత్ ఆకాశం పతంగులది. గాజుపొడి అద్దిన సూర్తీ మాంజాకు గుజరాత్ అంతటా పేరుంది. మగ్గాలను నమ్ముకుని వలసొచ్చిన తెలంగాణ పద్మశాలీలకూ అక్కడ అదే సంక్రాంతి. ఆ రెండు రోజులూ దారం తగిలిన పావురాలు, పిచ్చుకలు నేలరాలుతుంటాయి. జంతువుల ఆసుపత్రితో ఒకప్పటి యూరప్ యాత్రికులను అబ్బురపరిచిన ఊరు కూడా ఇదే కావడం విచిత్రం.

గాయపడిన పక్షుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2017లో 'కరుణా అభియాన్' ప్రారంభించింది. అయితే వైద్యుడికి దొరికే వ్యవధిని నిర్ణయించేది గాయం లోతు ఒక్కటే కాదు, ఒంటి పరిమాణం కూడా.

ఏనుగు గుండె నిమిషానికి సుమారు 30 సార్లు కొట్టుకుంటుంది. మనిషిది 70, చిట్టెలుకది 500 పైనే. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి త్వరగా జారిపోతుంది, అందుకే ఈ పరుగు అని తొలుత అనుకున్నారు. లెక్క పూర్తిగా కుదరలేదు. ఎలుక నుంచి ఎద్దు దాకా శక్తి ఖర్చును పోల్చిన మాక్స్ క్లైబర్ 1932లో అసలు నిష్పత్తిని పట్టుకున్నారు: బరువు 16 రెట్లయితే ఖర్చు 8 రెట్లే. అంటే చిన్న జీవిలో ప్రతి గ్రాముకూ రెట్టింపు ఇంధనం కావాలి. క్షీరదాల్లో గుండె బరువు చిన్నా పెద్దా తేడా లేకుండా ఒంట్లో దాదాపు 0.6 శాతమే కనుక వేగం పెంచడమే మార్గం. ఈ నిష్పత్తే ఎందుకన్నదానికి రక్తనాళాల కొమ్మల అల్లికే కారణమని 1997లో వెస్ట్, బ్రౌన్, ఎన్‌క్విస్ట్ ప్రతిపాదించారు. వాదన ఇంకా తెగలేదు.

పక్షులకు కాస్త వెసులుబాటుంది. అంతే బరువున్న క్షీరదం కన్నా వాటి గుండె పెద్దది, కాబట్టి వేగం కొంత తక్కువ. అయినా పిచ్చుక గుండె నిమిషానికి 400 సార్లు దాటి కొట్టుకుంటుంది.

ఇక రక్తం. 300 గ్రాముల పావురంలో ఉండేది రెండు పెద్ద చెంచాలు, పిచ్చుకలో అర టీచెంచా. మనిషికి లెక్కలోకి రాని కొద్దిపాటి రక్తస్రావం కూడా పిచ్చుకకు ప్రమాదకరం కావచ్చు. పైగా 40 డిగ్రీలు దాటిన ఒంటి వేడిని నిలుపుకోవాలి. తిండి ఆగితే నిల్వ గంటల్లో కరిగిపోతుంది. చుట్టూ జనం మూగితే బెదిరి గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది.

అందుకే గాయపడిన పక్షి నోట్లో నీళ్లు పోయకుండా, గాలాడే రంధ్రాలున్న అట్టపెట్టెలో వెచ్చగా, చీకట్లో ఉంచి వెంటనే తీసుకెళ్లమంటారు. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. గాజు పూసిన నూలుదారం కూడా రెక్కను అంతే తేలిగ్గా కోస్తుంది.