కళ్లె పరీక్షకు ఏ దీపం మేలు?

చీమకుర్తి అనగానే గెలాక్సీ గ్రానైట్ గుర్తొస్తుంది. దానితోపాటే దుమ్మూ! సిలికా ఉన్న రాతి ధూళిని ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని క్షయ ముప్పు పెరుగుతుంది. అందుకే రెండు వారాలు దాటిన దగ్గును ‘దుమ్ము దగ్గేలే’ అని వదిలేయొద్దు. కళ్లె పరీక్ష చేయించాలి.

ఇందులో ల్యాబ్‌లోని మైక్రోస్కోపూ ముఖ్యమే. ఆరమిన్ రంగు పట్టిన క్షయ క్రిములు ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో నల్లటి నేపథ్యం మీద పచ్చగా మెరుస్తాయి. మామూలు మైక్రోస్కోపులో కన్నా త్వరగా కంటపడతాయి. ఒకప్పుడు దీనికి అతినీలలోహిత కాంతినిచ్చే పాదరసం దీపాలు వాడేవారు. అవి ఖరీదు. కొన్ని వందల గంటలకే మార్చాలి. చీకటి గదీ కావాలి. పగిలితే పాదరసంతో ప్రమాదం. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు వేల గంటలు పనిచేస్తాయి, బ్యాటరీతోనూ వెలుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వీటినే సిఫార్సు చేసింది. కొత్తగా ల్యాబ్ పెట్టేవారికీ ఇవే మేలు.

అయితే కళ్లెలో క్రిములు తక్కువుంటే ఏ మైక్రోస్కోపుకైనా చిక్కకపోవచ్చు. నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గకపోతే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల గురించి డాక్టర్‌ను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్షలు, మందులు ఉచితం. ఒక్క జాగ్రత్త: డబ్బాలో ఉమ్మి కాదు, లోతుగా దగ్గి తీసిన కళ్లె ఇవ్వాలి. అది సరిగా లేకపోతే ఎంత మంచి దీపమున్నా ఫలితం ఉండదు.