కాగితం మీద గిరిజనేతరుడు: భద్రాచలం ఏజెన్సీలో దళితుల బతుకు

ఏజెన్సీ అనగానే మన పరిశోధకుల కళ్ల ముందు రెండు బొమ్మలే నిలబడతాయి. ఒకటి అడవిని నమ్ముకున్న కోయవాడు. రెండోది అతని భూమి కాజేసిన మైదాన ప్రాంతపు ఆసామి. రెండూ నిజమే. కాని ఆ ఆసామి తోటలో నడుం వంచి మిరపకాయ కోసే మాల, మాదిగ, నేతకాని మనిషి ఈ రెండింటిలో ఎక్కడా ఇమడడు. సర్కారు రికార్డు అతన్ని 'గిరిజనేతరుడు' అని రాసుకుంటుంది. అంటే ఆసామికీ కూలివాడికీ ఒకటే పేరు. ఈ ఒక్క మాట భద్రాచలం చుట్టూ దళితుల్ని ఎట్లా నిలువనీడ లేకుండా చేసిందో ఇక్కడ చూద్దాం.

ముందు ఊరి సంగతి. గోదావరికి ఈ ఒడ్డున భద్రాచలం, ఆ ఒడ్డున బూర్గంపహాడ్, పాల్వంచ. చాలాకాలం నదే రెండు రాజ్యాలకు సరిహద్దు. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన భద్రాచలం 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిసింది. ఎదుటి ఒడ్డు నిజాం కిందనే ఉంది. ఇది ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. 1965లో వంతెన పడ్డాక పడవల కాలం పోయి లారీల కాలం వచ్చింది. 2014లో పోలవరం పేరుతో చుట్టుపక్కల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చి, భద్రాచలం పట్నాన్ని మాత్రం తెలంగాణలో ఉంచారు. ఇప్పుడు పక్కనే ఉన్న ఎటపాక వేరే రాష్ట్రం. కూలికి పోయే మనిషి పొద్దున ఒక రాష్ట్రంలో లేచి ఇంకో రాష్ట్రంలో పనిచేసి వస్తాడు. మొదట్లో రేషన్ కార్డు మాత్రం ఒక్క చోటే చెల్లేది.

పట్నానికి గుడి ఆదరువు. లాడ్జీలు, కొబ్బరికాయలు, పూలు, నవమి నాటి జనం. ఈ డబ్బు గురించి రాసినవాళ్లు చాలామంది. నవమి మర్నాడు వీధులు ఊడ్చేదెవరో రాసినవాళ్లు తక్కువ. వరదొస్తే ముందు మునిగేది కూడా పల్లపు కాలనీలే. 1986లో గోదావరి ఇక్కడ 75.6 అడుగులు లేచింది, 2022 జులైలో 71.3 అడుగులు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. మిట్ట మీద ఇల్లు కట్టుకునే తాహతు ఎవరికుందన్నది కూడా కులం లెక్కే.

సంతలో కోయ ఆడమనిషి చింతపండు, ఇప్పపువ్వు, కుంకుడుకాయ గంపలో తెస్తుంది. ఆమె సరుకు కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది. అది తూకంలో పూర్తి న్యాయం చేసిందని అననుగానీ, ఒక సంస్థ అంటూ ఉంది. పాతరోజుల్లో చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, గింజలు తెచ్చుకున్న మాదిగకు అటువంటిదేదీ లేదు. రబ్బరు చెప్పు రాగానే ఆ గింజలూ పోయాయి. మిగిలింది రెక్కలు.

ఆ రెక్కలు పోయేది ఎక్కువగా మిరపతోటకే. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన రైతులు గోదావరి ఒండ్రు నేలల్లో మొదట పొగాకు, తర్వాత పత్తి, మిరప వేశారు. కారంచేడు (1985), చుండూరు (1991) జరిగిన కోస్తా నేల నుంచే ఈ సేద్యమూ, దాని వెంట ఆ పెత్తనమూ వచ్చాయని మరిచిపోకూడదు. కోయరైతు పేరు మీదున్న భూమిని నోటిమాట కౌలుకు పడతారు. కాగితం ఉండదు, ఉంటే చట్టానికి దొరుకుతుంది. సంక్రాంతి నుంచి ఎండలు ముదిరేదాకా కోత. మేస్త్రి ముఠాను కట్టి తెస్తాడు, అతని కమీషన్ ముందే తీసుకుంటాడు. కోసిన కాయ కల్లంలో ఎండాలి, తాలు ఏరాలి, టిక్కీల్లో తొక్కాలి. ఖమ్మం మార్కెట్లో ధర పడిపోతే ఆ నష్టం కూలి బాకీ రూపంలో ముఠా నెత్తిన పడుతుంది. మా అమ్మ కోతకు పోయిన రోజుల్లో రాత్రి అన్నం కలపడానికి చేతులు మండేవి. కొబ్బరినూనె రాసుకుని స్పూనుతో తినేది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసులు కూడా ఈ తోటల్లోకే వచ్చారు. వాళ్ల ఆకలిని చూపించి ఇక్కడి కూలి తగ్గించడం ఆసాములకు తేలికైంది. ఎండాకాలం తునికాకు. యాభై ఆకుల కట్టకు ధర పెంచడం కోసం 1980లలో జరిగిన పోరాటాలు అందరికీ తెలిసినవే.

ఇక చట్టం. ఆసాముల దోపిడీని ఆపడానికి వచ్చింది 1/70. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో తెచ్చిన సవరణ ఇది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని ఖాయపరిచింది. 1997 సమత తీర్పు ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు ఇవ్వకూడదంది. ఈ రెండూ కోయలకు ప్రాణం లాంటివి, ఇందులో నాకు రెండో మాట లేదు. కాని మైదానంలో భూమిలేని దళితుడికి ఎకరమో అరెకరమో అసైన్‌మెంటు పట్టా అయినా దొరకొచ్చు. ఇక్కడ ఆ దారీ లేదు. చట్టాన్ని తప్పించుకునే తెలివి, వకీలు, బినామీ ఆసామికి ఉన్నాయి. దళితుడికి చట్టం ఒక్కటే ఎదురు నిలబడింది.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెలిక పెట్టింది. గిరిజనుడైతే 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలు. దళితుడైతే 'ఇతర సంప్రదాయ అటవీ నివాసి' కింద ఆ తేదీకి మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపాలి. అంటే 1930 సంగతి. భద్రాచలం అప్పుడు మద్రాసు కింద ఉంది. ఆనాటి కాగితాల్లో భూమి ఉన్నవాడి పేరుంటుంది, పాలేరు పేరు ఎవరు రాస్తారు? ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. ఆఫీసులో మాత్రం కాగితమే అడుగుతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 1/70 రద్దు చేయమనే గొంతులు మధ్య మధ్య 'పేద దళితుల కోసం' అంటూ లేస్తాయి. అది నమ్మొద్దు. రద్దయిన మర్నాడు భూమి దళితుడికి రాదు, నోటిమాట కౌలు రిజిస్ట్రేషన్ అవుతుంది. కోయవాడు, మాదిగవాడు ఒకే ముఠాలో ఒకే ఆసామి దగ్గర నిలబడతారు. అట్లాగని వాళ్ల మధ్య అంతా సఖ్యత అనుకోవద్దు. కోయగూడెంలో మాదిగ ఇంటి నీళ్లు తాగనివాళ్లను నేను చూశాను. కులం అడవి దాకా వచ్చింది. అయినా భూమి తగాదాలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి లాభపడేది మూడోవాడు.

కావలసింది రద్దు కాదు, విడదీసి లెక్క రాయడం. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఎంత భూమి ఉందని అడిగితే జవాబు వస్తుంది. అందులో షెడ్యూల్డు కులాల చేతిలో ఎన్ని కుంటలున్నాయని అడగాలి. ఇళ్ల స్థలాలు, శ్మశానం, కూలి రేటు గ్రామసభలో చర్చకు పెట్టాలి. ఏజెన్సీలో సర్పంచి కుర్చీలన్నీ గిరిజనులవే, అది సరైనదే. ఆ సర్పంచి ముందు మాదిగవాడ మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని అడగగలుగుతున్నాడా అన్నది ఊరూరా తిరిగి చూడాల్సిన పని.