బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య

లీజు ఫ్లాటులో గోడలూ కప్పూ కొన్నవాడివి, కింద నేల మాత్రం మరొకరిది. నేల సొంతదారు 60 ఏళ్లకో 90 ఏళ్లకో 99 ఏళ్లకో హక్కు రాసిస్తాడు. కొనేవాడికి దక్కేది ఆ గడువులో మిగిలిన కాలం. నవీ ముంబైలో ప్రభుత్వ సంస్థ సిడ్కో స్థలాలు 60 ఏళ్ల లీజువి, నోయిడాలో 90 ఏళ్లవి. కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇలాంటి ఫ్లాట్లు దాదాపు కనిపించవు. ఇక్కడ ఫ్లాటుతోపాటు నేలలో విడదీయని వాటా కూడా ఇన్ని చదరపు గజాలని దస్తావేజులో రాసి రిజిస్టరు చేస్తారు. అయినా బయానా ఇచ్చిన రోజుకూ తాళం చేతికొచ్చే రోజుకూ నడుమ నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. కారణం చాలాసార్లు లీజు ఫ్లాట్లను ఆలస్యం చేసేదే: ఆ నేల మీద అమ్మేవాడి మాటతో పాటు మరొకరి మాట కూడా చెల్లుతుంది. ఆ మరొకరు ప్రభుత్వం కావచ్చు, గుడి కావచ్చు, బ్యాంకు కావచ్చు, ఎప్పుడో పెళ్లి చేసి పంపిన ఆ ఇంటి ఆడబిడ్డ కూడా కావచ్చు.

ఈ ఊళ్లలో అసలు లీజు స్థలాలే లేవని కాదు. గుడి మాన్యాలు, వక్ఫ్ ఆస్తులు, మునిసిపాలిటీ దుకాణ గదులు లీజు మీదే నడుస్తాయి. గుడి స్థలంలో తాతల నాడు కట్టుకున్న ఇంటిని అమ్మేవాడు అమ్మగలిగేది కట్టడాన్ని, ఉంటే గింటే మిగిలిన లీజు హక్కును. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావాల్సిందేనని 1882 ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. నెలనెలా కట్టిన అద్దె రసీదుల కట్ట ఎంత లావుగా ఉన్నా అది లీజు దస్తావేజు కాదు. గుడి భూమి చేతులు మారాలంటే 1987 దేవాదాయ చట్టం ప్రకారం శాఖ ముందస్తు అనుమతి కావాలి. వక్ఫ్ ఆస్తి అమ్మకమైతే 2013 సవరణ తర్వాత చెల్లనే చెల్లదు. లీజు హక్కు మీద అప్పు అడిగితే, అది తీరేదాకా లీజు గడువు మిగిలి ఉంటుందా అని బ్యాంకు అడుగుతుంది. అనుమతి చేతికి రాకముందే ఇలాంటి చోట బయానా ఇచ్చినవారు ఆలస్యాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే.

మామూలు అపార్టుమెంటు విషయంలోనూ మొదట చూడాల్సింది నేల పూర్వాపరాలే. ప్రొద్దుటూరు చుట్టూ ఊరు పెరిగింది పొలాల మీదికే. ఆ పొలాల్లో పట్టా భూములతో పాటు డీకేటీ భూములు, వాగు పోరంబోకులు, చుక్కల భూములు కలిసి ఉంటాయి. పేదలకు సాగు కోసం ప్రభుత్వం ఇచ్చినదే డీకేటీ పట్టా. సొంతదారు పేరు రైతుదే అయినా అమ్ముకునే హక్కు ఉండదు కాబట్టి అది తీరులో లీజుకు దగ్గరి చుట్టం. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 తర్వాత ఇచ్చిన పట్టాలకు అమ్మకూడదనే షరతు ఉంది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దాన్ని మరింత గట్టిపరిచింది. అందుకే పట్టా ఇచ్చిన తేదీ దగ్గరే చాలా ఫైళ్లు ఆగుతాయి. ఆ తేదీ అమ్మేవాడి నోటి మాటలో ఉంటే కుదరదు, తహసీల్దారు కార్యాలయం రిజిస్టరులో దొరకాలి.

2023లో 1977 చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములపై అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు కల్పించారు. ఫ్రీహోల్డ్ అనే మాట రాయలసీమ పల్లెల్లో రచ్చబండ మీదికి వచ్చింది అప్పుడే. అమ్మకాలు ఊపందుకున్నాయి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో భూముల ఫైళ్లు తగలబడ్డాయి. ఆ తర్వాత ఫ్రీహోల్డ్ చేసిన తీరుపై ప్రభుత్వం విచారణ మొదలుపెట్టి, ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఆ నిలుపుదలను పలుమార్లు పొడిగించింది. అప్పటికే బయానాలు ఇచ్చి ఉన్నవారికి దారి మూసుకుపోయింది. ఇలాంటి ఆలస్యంలో అమ్మేవాడి తప్పు లేకపోవచ్చు. అతని చేతిలో ఏమీ ఉండకపోవచ్చు కూడా. అందువల్ల ప్రభుత్వ ఉత్తర్వు వల్ల రిజిస్ట్రేషన్ ఆగితే ఎన్ని నెలలు చూడాలి, ఆ తర్వాత బయానా ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అన్నది అగ్రిమెంటులోనే రాసుకోవాలి. నిలిచిపోయిన తర్వాత ఆ మాట ఎత్తితే ఎవరూ ఒప్పుకోరు.

చుక్కల భూముల కథ వేరు. బ్రిటిష్ వారి కాలంలో తయారైన రీసెటిల్మెంట్ రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు వరుసగా రాసుకుంటూ పోయి, పట్టాదారు పేరుండాల్సిన గడిలో కొన్నిచోట్ల చుక్కలు పెట్టి వదిలేశారు. నూరేళ్ల నాటి ఆ చుక్కల్ని ప్రభుత్వ భూమిగా లెక్కగట్టడంతో తరతరాలుగా దున్నుకుంటున్నవారి పొలాలు అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. వీటిని సరిదిద్దడానికే 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది. 2023లో చాలా భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీశారు.

ఆ నిషేధిత జాబితానే జనం 22ఏ అంటారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో రాష్ట్రం 2007లో తెచ్చిన సవరణ సెక్షన్ అది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి చూసుకోవచ్చు. పేచీ ఎక్కడంటే, ఒక సర్వే నంబరులో కొంత భాగం పోరంబోకైతే మొత్తం నంబరునే జాబితాలో వేసిన సందర్భాలున్నాయి. అప్పుడు పక్కా పట్టా భూమిలో కట్టిన ఫ్లాటు కూడా ఆగిపోతుంది. దాన్ని విడదీయాలంటే తహసీల్దారు నివేదిక, సర్వే, ఆర్డీవో, కలెక్టరు వరకూ ఫైలు నడవాలి. ప్రొద్దుటూరు ఎంత పెద్ద ఊరైనా దాని ఆర్డీవో కార్యాలయం జమ్మలమడుగులో ఉంది కాబట్టి ఫైలూ అక్కడికే వెళుతుంది. 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ జాబితాల తయారీకి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఎత్తిచూపుతూ అర్జీ పెట్టాల్సింది భూమి సొంతదారు. కొనేవాడు చేయగలిగింది ఆ అర్జీ నకలు, రసీదు నంబరు తీసుకుని వెంటపడటమే.

తర్వాత కాగితాలు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా అయిన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే రిజిస్టరాఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి, దానికి రోజులు పడతాయి. ఈసీ తెచ్చుకోవడం ఒక ఎత్తు, చదవడం ఇంకో ఎత్తు. అందులో ప్రతి పేరు పక్కన చిన్న అక్షరాలుంటాయి. ఈఎక్స్ అంటే రాసిచ్చినవాడు, సీఎల్ అంటే రాయించుకున్నవాడు. ఎంఆర్ కనిపిస్తే తాకట్టు పెట్టినవాడు, ఎంఈ అంటే తాకట్టు పట్టినవాడు. ఎంఆర్, ఎంఈ ఉన్న వరుసకు జవాబుగా కింద ఎక్కడో విడుదల దస్తావేజు వరుస ఉండాలి. లేకపోతే అప్పు తీరిందన్న మాటకు రుజువు లేనట్టే. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో పెట్టుబడి కోసం ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టడం కొత్తేమీ కాదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. పత్రాలు బ్యాంకులో ఇరుక్కున్నాయని చెప్పే అమ్మకందారుకు ఈ సంగతి గుర్తుచేయడం మంచిది.

వారసుల సంతకాల దగ్గర జరిగే ఆలస్యం అన్నిటికన్నా సున్నితమైంది. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు పంచుకుని అమ్మేస్తారు, ఆడబిడ్డల ఊసే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లైనవారికీ ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదిలించదు. పంపకం దస్తావేజు తేదీ ఆ గీతకు ఇటు ఉంటే లాయరు అక్కచెల్లెళ్ల సంతకాలు అడుగుతాడు. అడక్కపోతే ఆ లాయరు అభిప్రాయాన్ని అనుమానించాలి. ఆడబిడ్డకు న్యాయంగా ఏదో ముట్టజెప్పి సంతకం తీసుకోవడానికి నెల పట్టినా, తర్వాత కోర్టులో పోయే ఏళ్లకన్నా అది నయం.

సంతకం పెట్టాల్సినవారు కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటే మరో మెలిక. అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ గడువు దాటితే పెనాల్టీ తలనొప్పి. దస్తావేజు రాసి సంతకం చేశాక నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలి. తప్పనిసరి కారణం చూపి, జరిమానా కట్టి ఇంకో నాలుగు నెలలు పొందవచ్చు. జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పదింతల వరకూ ఉండొచ్చు. పలువురు వేర్వేరు రోజుల్లో సంతకం చేస్తే ఎవరి సంతకం రోజు నుంచి వారికి నాలుగు నెలలు లెక్క. పండక్కి వచ్చినప్పుడు అన్న, ఆ తర్వాత తమ్ముడు సంతకం చేసే ఇళ్లకు ఇది పనికొచ్చే వెసులుబాటు.

ఇక కట్టడం ఆలస్యం. రియల్ ఎస్టేట్ నియంత్రణకు రెరా చట్టం ఉన్నా చిన్న పట్టణాల్లో దాని నీడ అందరి మీదా పడదు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా నమోదు అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే 12 సెంట్ల పైచిలుకు. సందుల్లో లేచే చిన్న అపార్టుమెంట్లు ఈ మినహాయింపులో పడిపోవడం తేలిక. నమోదైన ప్రాజెక్టులో మాత్రం కొనేవాడికి గట్టి పట్టుంది. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. చెప్పిన తేదీకి అప్పగించకపోతే కొనేవాడు డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు, లేదా ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకుంటూ ఫ్లాటు కోసం ఆగవచ్చు. ఎంపిక కొనేవాడిదే. లీజు మీద ఇచ్చిన ఫ్లాటుకూ ఈ రక్షణ వర్తిస్తుంది. మహారాష్ట్రలోని లవాసాలో 999 ఏళ్ల లీజుకు కొన్నవారు రెరాకు వెళ్లొచ్చా అన్న తగవులో బొంబాయి హైకోర్టు 2018లో వెళ్లొచ్చనే తేల్చింది. రెరా వర్తించని చిన్న అపార్టుమెంటులో ఇరుక్కున్నవారికి వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన ధర రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. అగ్రిమెంటులో అప్పగింత తేదీ రాయకపోయినా మూడేళ్లు సబబైన గడువని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అలాగని తేదీ రాయకుండా వదిలేయమని దానర్థం కాదు.

గోడలు లేచి, రంగులు పూసి, లిఫ్టు తిరుగుతున్నా ఫ్లాటు రిజిస్టరు కాని సందర్భం ఒకటుంది. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం బిల్డరు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని ప్లాను ఇచ్చిన సంస్థకు తాకట్టు పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. ప్లానుకు మించి ఒక అంతస్తు వేస్తే సర్టిఫికెట్ రాదు, తాకట్టు విడవదు. కొనేవాడు చూస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలోదేనా అన్నది బిల్డరు తనంతట తాను చెప్పడు. మునిసిపాలిటీ ఇచ్చిన ప్లాను కాపీ చేతపట్టుకుని ఫ్లాటు నంబరు సరిచూసుకోవాలి. సర్టిఫికెట్ రాకముందు కొనే ఫ్లాటుపై జీఎస్టీ కూడా పడుతుంది, మామూలుగా 5 శాతం, చౌక ఇళ్లకు 1 శాతం.

ఆలస్యానికి ఖరీదుంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రాష్ట్రంలో 7.5 శాతం. రాసుకున్న ధర, రిజిస్ట్రేషన్ రోజు ఉండే ప్రభుత్వ మార్కెట్ విలువ, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద ఇది లెక్క. 2025 ఫిబ్రవరి 1న విలువలు పెరిగినప్పుడు, జనవరిలో చేయాల్సింది ఫిబ్రవరికి జారిన చాలా దస్తావేజులకు ఖర్చు మారింది. అమ్మేవాడి వల్ల జారితే ఆ తేడా ఎవరిదో అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాస్తే చాలు. బ్యాంకు అప్పు మంజూరు పత్రానికీ గడువుంటుంది. అది తీరితే వడ్డీ రేటు, ఆదాయ పత్రాలు మళ్లీ మొదటికొస్తాయి. కాబట్టి లాయరు అభిప్రాయం వచ్చాకే అప్పుకు దరఖాస్తు పెట్టడం మేలు.

విసిగిపోయినవారిని మధ్యవర్తులు అడ్డదారి పట్టిస్తారు: నోటరీ కాగితం మీద రాసుకుని ఇంట్లో చేరమంటారు, లేదా జనరల్ పవరాఫ్ అటార్నీ (జీపీఏ) రాయించుకోమంటారు. జీపీఏతో సొంత హక్కు రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అమ్మేవాడు చనిపోతే మామూలు జీపీఏ అతనితోనే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి అమ్మకపు అగ్రిమెంటు కూడా రిజిస్టరు కావాల్సిందే. చేయిస్తే అది ఈసీలో కనిపిస్తుంది, అదే ఫ్లాటును మరొకరికి అంటగట్టే వీలు తగ్గుతుంది.

బయట దేశాల్లోనూ ఈ బాధ తప్పదు. ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువారు కొనే ఫ్లాట్లు ఎక్కువగా లీజువే. అక్కడ నేల సొంతదారు ఏజెంటు నిర్వహణ లెక్కలు, బీమా పత్రాలు పంపేదాకా లాయరు కదలడు. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయాక గోడల బయటి తొడుగు భద్రతా పత్రం కోసం బ్యాంకులు అమ్మకాలు ఆపిన రోజులూ ఉన్నాయి.

ఎంత చూసినా అమ్మేవాడు రిజిస్ట్రేషన్‌కు రానంటే కోర్టే గతి. అగ్రిమెంటు అమలు చేయించమని దావా వేయడానికి, అందులో రాసిన గడువు రోజు నుంచి మూడేళ్లే సమయం. దావాలో కొనేవాడు మిగతా డబ్బుతో సిద్ధంగా ఉన్నానని చూపాలి. కాబట్టి గడువుకు ముందే లాయరు నోటీసు, ఆ తేదీన ఖాతాలో డబ్బున్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, రిజిస్టరాఫీసులో తీసుకున్న స్లాటు కాగితం భద్రంగా పెట్టుకోవాలి. కొనడం వద్దనుకుని డబ్బే కావాలంటే, కొనేవాడి తప్పేమీ లేనప్పుడు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన బయానా మేరకు ఆ ఆస్తి మీదే అతనికి హక్కు నిలుస్తుంది. సంగతి తెలిసి ఆ ఆస్తిని తర్వాత కొన్నవాడు దాన్నుంచి తప్పించుకోలేడు.