ఒరిగిన గాదె

ధాన్యం నిలవచేసే గాదెను మీరు చూశారా? పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళు చూసి ఉండరు. ఈసారి తాతగారి ఊరు వెళ్ళినప్పుడు అడగండి, ఏ మూలనో ఒకటి మిగిలి ఉండవచ్చు. వెదురుతో అల్లి, మట్టీ పేడా కలిపి అలికి, పైన గడ్డి కప్పు వేస్తారు. మహా అయితే ఇద్దరు మనుషుల ఎత్తుంటుంది. ఒక కుటుంబం ఏడాదిపాటు తినే వడ్లు అందులో పడతాయి.

ఇప్పుడు మీకు చెప్పబోయేది కూడా ఒక గాదె కథే. కాని ఆ గాదె ఎత్తు 92 అడుగులు. ఒకటి కాదు, 14 అడుగుల వెడల్పు గల గుండ్రని కాంక్రీటు గాదెలు 65, పదమూడేసి చొప్పున అయిదు వరసలుగా, ఒకదాని కొకటి అంటుకుని నిలబడి ఉండేవి. అన్నిటికీ కలిపి అడుగున ఒకటే పునాది. రెండడుగుల మందం గల కాంక్రీటు పలక అది. దాని పొడుగు 195 అడుగులు, వెడల్పు 77 అడుగులు.

ఈ గాదె కెనడా దేశంలో, విన్నిపెగ్ నగరం దగ్గర, ట్రాన్స్‌కోనా అనే చోట ఉన్నది. ఆ ప్రాంతమంతా గోధుమ పొలాలు. కోతలు కాగానే రైలుబళ్ళ నిండా గోధుమలు విన్నిపెగ్ చేరేవి. అన్ని బళ్ళు ఒకేసారి వచ్చిపడితే వాటిని నిలబెట్టటానికి పట్టాలు చాలేవి కావు. అందుచేత గోధుమలను దింపి దాచటానికి రైలు కంపెనీవారు 1911లో ఈ గాదె కట్టటం మొదలుపెట్టారు. 1913 నాటికి అది పూర్తయింది. ఆ సెప్టెంబరులో గోధుమలు పొయ్యటం ప్రారంభించారు. అన్ని గాదెలలోనూ సమంగా పోస్తూ వచ్చారు. ఇంచుమించు నిండవచ్చింది.

అక్టోబరు 18వ తేదీన గాదె కుంగుతున్నట్టు కనిపించింది. ఒక గంటలో అడుగు లోతుకు దిగిపోయింది. తరవాత మెల్లిగా పడమటి వేపుకు ఒరగసాగింది. ఆ పగలూ, ఆ రాత్రీ ఒరుగుతూనే ఉన్నది. ఒక రోజు గడిచేసరికి దాదాపు 27 డిగ్రీలు వాలింది! ఎంత వాలిందో తెలియాలంటే గడియారం చూడండి. ముల్లు పన్నెండు మీద నుంచి ఒంటిగంట మీదికి జరిగితే 30 డిగ్రీలు. ఇంచుమించు అంత! ఇటలీలో పీసా గోపురం వాలి ఉండటం లోకమంతా వింతగా చెప్పుకుంటారు గదా, అది ఎన్నడూ ఆరు డిగ్రీలు కూడా వాలలేదు.

గాదె పడమటి అంచు 24 అడుగులు భూమిలోకి దిగిపోయింది. తూర్పు అంచు అయిదడుగులు పైకి లేచింది. చుట్టూ ఉన్న నేల కూడా ఉబికి పైకి వచ్చింది. రొట్టెల పిండి ముద్దను పిడికిలితో నొక్కితే పిండి పక్కలకు ఉబుకుతుందే, అల్లాగన్నమాట.

అయితే ఇందులో అసలు వింత మరొకటి ఉన్నది. ఇంత జరిగినా గాదెలు పగలలేదు. వాటిని కట్టినవారి పనిలో లోపం లేదు. కాంక్రీటు గట్టిదే, ఇనుము గట్టిదే. తప్పిపోయింది నేల.

"అయ్యో, కట్టబోయే ముందు నేలను పరీక్ష చేసుకోవద్దా?" అని మీరు అడగవచ్చు. చేశారు! పునాది కోసం 12 అడుగుల లోతున గొయ్యి తవ్వారు. అడుగున గట్టి బంకమన్ను కనిపించింది. దానిలో కొద్ది జాగా మీద బరువులు పెట్టి, ఎంత బరువుకు కుంగుతుందో చూశారు. ఆ మన్ను చదరపు అడుగుకు మూడున్నర టన్నులకు పైగా మొయ్యగలదని తేలింది.

ఇక లెక్క మీరే చేసి చూడండి. ఉత్త గాదె బరువు సుమారు 18 వేల టన్నులు. ఒరిగేనాటికి అందులో ఉన్న గోధుమలు 8,75,000 బుషెళ్ళు. బుషెల్ అనేది అక్కడి ధాన్యపు కొలత. ఒక బుషెల్ గోధుమలు 27 కిలోలు తూగుతాయి. అంటే గోధుమల బరువు దాదాపు 24 వేల టన్నులు. రెండూ కలిపితే 42 వేల టన్నులు. పునాది వైశాల్యం సుమారు 15 వేల చదరపు అడుగులు. భాగిస్తే చదరపు అడుగుకు 2.8 టన్నులు వస్తుంది. నేల మూడున్నర మోస్తుందన్నారు, మోయవలసినది 2.8 మాత్రమే. మరి ఎందుకు ఒరిగినట్టు?

ఎండాకాలంలో నీరు ఇంకిపోతున్న చెరువు ఒకటి తలుచుకోండి. పైన మట్టి ఎండి, పలకలు పలకలుగా బీటలు వేసి ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూస్తే రాయిలాగా తగులుతుంది. "ఇంకేం, గట్టి నేలే!" అనుకుంటాము. ఇంతలో అటుగా ఒక గేదె వచ్చి కాలు పెడుతుంది. పెచ్చు విరిగి మోకాలి దాకా దిగబడుతుంది. పెచ్చు గట్టిదన్న మాట నిజమే. బొటనవేలికి పెచ్చు సంగతి మాత్రమే తెలిసింది, దాని అడుగున ఉన్న బురద సంగతి తెలియలేదు.

నేల మీద పెట్టిన బరువు కిందికి పోతూ పోతూ పక్కలకు విస్తరించి పలచబడిపోతుంది. బరువు పెట్టిన జాగా ఎంత వెడల్పో, సుమారు దానికి రెండింతల లోతు దాకా దాని ఒత్తిడి గట్టిగానే తెలుస్తుంది. ఒక అడుగు వెడల్పు పలక మీద బరువు పెడితే రెండడుగుల లోతున ఉన్న మట్టి దాకా ఆ సంగతి తెలుస్తుంది. అంతకు దిగువ మట్టికి ఏమీ పట్టదు, హాయిగా నిద్రపోతుంది. కాని 77 అడుగుల వెడల్పు పునాది ఉన్నదనుకోండి. చదరపు అడుగుకు అదే బరువు పెట్టినా దాని ఒత్తిడి 150 అడుగుల దాకా పోజూస్తుంది. ట్రాన్స్‌కోనాలో అంత లోతున మన్నే లేదు, అంతకు చాలా పైనే రాయి ఉన్నది. అంటే పునాదికీ రాయికీ మధ్యనున్న మన్నంతా ఆ బరువు మొయ్యవలసి వచ్చింది. చిన్న పరీక్ష పైపొరను మాత్రమే ప్రశ్న అడిగింది, పెద్ద గాదె అన్ని పొరలనూ అడిగింది. మరి కింది పొరల జవాబు వేరు.

అక్కడి నేలకు ఒక చరిత్ర ఉన్నది. వేల ఏళ్ళ కిందట మంచుయుగం ముగిసే రోజుల్లో, కరిగిన మంచు నీటితో అక్కడ సముద్రమంత సరస్సు ఉండేది. దానికి అగాసిజ్ సరస్సు అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. సరస్సు ఎప్పుడో పోయింది, దాని అడుగున పేరుకున్న మెత్తటి బంకమన్ను మాత్రం మిగిలింది. పైభాగం ఎండకూ గాలికీ ఆరి గట్టిపడింది. కింది భాగం తడిగా, మెత్తగా ఉండిపోయింది. అచ్చం మన చెరువు లాగే!

ఈ సంగతి ఎల్లా తెలిసింది? 1951లో, అంటే గాదె ఒరిగిన 38 ఏళ్ళకు, రాల్ఫ్ పెక్ అనే అమెరికా ఇంజనీరూ, ఆయనతో కలిసి పనిచేసిన బ్రయంట్ అనే ఆయనా అక్కడ బోర్లు వేయించి, కింది పొరల మట్టిని పైకి తీయించి పరీక్షించారు. పై మట్టి బలంలో కింది మట్టికి ఇంచుమించు సగం బలమే ఉన్నట్టు తేలింది. దాన్ని బట్టి, ఆ నేల ఎంత బరువుకు లొంగిపోవాలో లెక్క కట్టారు. 1913లో అది నిజంగా లొంగిపోయిన బరువుకు ఆ లెక్క దగ్గరగా వచ్చింది.

1913లో ఆ లెక్క ఎవరూ ఎందుకు కట్టలేదంటే, అప్పటికి మట్టి గురించి అంత శాస్త్రం పుట్టలేదు. 1883లో ప్రేగ్ నగరంలో పుట్టిన కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు, ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, చేతికందిన సామానుతో పరికరాలు తయారుచేసుకుని, మట్టిని నొక్కి, పిండి, తూచి ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. 1925లో ఆయన జర్మను భాషలో ఒక పుస్తకం వేశాడు. మట్టిని గురించిన ఇంజనీరింగు శాస్త్రం దానితో స్థిరపడిందంటారు. మట్టికి ఒక శాస్త్రమా అని నవ్వినవాళ్ళు లేకపోలేదు కాబోలు!

ఇప్పుడు పెద్ద భవనమో వంతెనో కట్టబోయే చోట మీరు ఒక దృశ్యం చూడవచ్చు. మూడు కాళ్ళ ముక్కాలిపీట వంటిది నిలబెట్టి, దానికి గిలక కట్టి, బోరు వేస్తూంటారు. కొంత లోతు పోయాక ఒక బోలు గొట్టాన్ని బోరు అడుగుకు దింపుతారు. దాని పైన 63.5 కిలోల దిమ్మెను 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదే పదే వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లూ లెక్కలోకి రావు. ఆ తరవాత గొట్టం 30 సెంటీమీటర్లు దిగటానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. రెండు మూడు దెబ్బలకే దిగిపోతే ఆ మన్ను బహు మెత్తన. యాభై దెబ్బలు కొట్టినా దిగకపోతే మహా గట్టిది. ఈసారి అటు పోయినప్పుడు దూరాన నిలబడి దెబ్బలు లెక్కపెట్టండి. దగ్గరికి మాత్రం పోవద్దు, పైనుంచి పడేది దిమ్మె!

బంకమన్ను అయితే మరొక జాగ్రత్త కూడా ఉన్నది. పలచని గొట్టంతో, మట్టి చెదరకుండా నమూనా తీసి, తడి ఆరిపోకుండా రెండు కొసలా మైనం పోసి పరీక్షశాలకు పంపుతారు. అక్కడ దాన్ని చిన్న స్తంభం లాగా కోసి, ఉబ్బి విరిగిపోయేదాకా నొక్కుతారు. మరొక ముక్కను బిళ్ళలాగా కోసి, రోజుల తరబడి బరువు కింద ఉంచి, నీరు పోయి అది ఎంత పలచబడుతుందో చూస్తారు. భవనం ఏళ్ళ తరబడి ఎంత కుంగబోతుందో ఆ బిళ్ళ ముందుగా చెబుతుంది.

ఒక పరీక్ష మీరు ఇంట్లోనే చెయ్యవచ్చు. కాస్త తడి మట్టి తీసుకుని, ఇసకా గరుసూ ఏరేసి, గచ్చు మీద అరచేత్తో దొర్లించి తాడులాగా చెయ్యండి. ఇసకమట్టి అయితే తాడు కానే కాదు. బంకమన్ను అగ్గిపుల్లంత సన్నగా సాగుతుంది. దాన్నే మళ్ళీ ముద్దచేసి దొర్లిస్తూ ఉంటే కొంతసేపటికి తడి తగ్గి, సుమారు మూడు మిల్లీమీటర్ల మందం దగ్గర తుంపులు తుంపులు అవుతుంది. అప్పుడు దానిలో ఎంత తడి ఉన్నదో తూచి తెలుసుకుంటారు. పరీక్షశాలలోనూ చేసేది ఇదే. స్వీడన్ దేశస్థుడు అట్టర్‌బర్గ్ ఈ పద్ధతి ఏర్పరచాడు. మన కుమ్మరికి ఏ పుస్తకం లేకుండానే ఈ తడి చేతికి తెలుసు.

ఈ పరీక్షకు నల్లరేగడి దొరికితే మరీ మంచిది. మన జిల్లాల్లో చాలాచోట్ల ఉన్నది. దీని బాధ వేరు. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని చెయ్యి పట్టేంత బీటలు వేస్తుంది. పైపైన పునాది వేసిన చిన్న ఇంటిని ఒక ఋతువులో ఎత్తి, మరొక ఋతువులో దింపుతుంది. గోడలు పగులుతాయి. పెద్దవాళ్ళు ఏటేటా ఆ పగుళ్ళు పూడుస్తూనే ఉంటారు. లోతుకు పోతే మాత్రం మట్టిలో తడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. అందుచేత సుమారు మూడున్నర మీటర్లు బోరు వేసి, అడుగున దాన్ని గుమ్మటం లాగా వెడల్పు చేసి, ఇనుమూ కాంక్రీటూ నింపే పద్ధతి ఒకటి ఉన్నది. దీన్ని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు మన నేలల కోసం వృద్ధి చేశారు. పైమట్టి ఎంత ఉబ్బినా లోతున పాతుకున్న గుమ్మటం కదలదు.

మన గాదె ఏమైనదో చెప్పనే లేదు గదూ? దాన్ని పగలగొట్టలేదు. ముందు గోధుమలన్నీ ఖాళీ చేశారు. పునాది కింద బావుల వంటి గోతులు తవ్వి, రాయి తగిలేదాకా కాంక్రీటు స్తంభాలు దింపారు. వాటి మీద జాకీలు పెట్టి కుంగిన వేపును కొంచెం కొంచెంగా ఎత్తుతూ, పైకి లేచిన వేపు కింద మట్టి తీస్తూ వచ్చారు. అన్ని వేల టన్నుల కట్టడం 1914లో మళ్ళీ నిటారుగా నిలబడింది. మొదటికన్న కాస్త లోతులో ఉన్నదంతే. దానిలో మళ్ళీ గోధుమలు పోశారు.