దీవి గ్రామమున భూమి, బ్రతుకు, దారి

భూమి విలువను మట్టి నిర్ణయించునని మనము సాధారణముగా తలచుచుందుము. నల్లరేగడికి ఒక ధర, ఇసుకనేలకు ఒక ధర. కాని నాలుగు వైపుల నీరున్న గ్రామమున ఆ విలువను నిర్ణయించునది రేవు. పండిన పంటను ఏ వేళకు, ఎంత ఖర్చుతో ఆవలి గట్టునకు చేర్చగలము? ప్రసవవేదన పడుచున్న స్త్రీని రాత్రివేళ దాటించుటకు పడవ దొరకునా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే అచ్చటి పొలమునకును, ఇంటికిని వెల ఏర్పడును. ఇందుకు మన నెల్లూరు తీరపు పులికాట్ సరస్సులోని దీవులే తార్కాణము.

ప్రళయకావేరి యనికూడ పిలువబడు ఈ సరస్సు మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక సరస్సు తరువాత పెద్దది. దక్షిణమున ఆరణి నది, పడమర కాళంగి, ఉత్తరమున స్వర్ణముఖి నీరు దీనికి చేరును. పళవేర్కాడు, రాయదొరువు, కొండూరుపాలెము వద్దనుండు ముఖద్వారములు ఇసుకతో పూడినపుడు సముద్రపు నీరు రాదు. చేపయు తగ్గును, పడవ నడచుటకు లోతును తగ్గును. తూర్పున శ్రీహరికోట పెద్ద దీవి. సరస్సు నడుమ తడ మండలమునకు చెందిన ఇరకము, వేనాడు మొదలగునవి కలవు. ఇవి చిరకాలము నెల్లూరు జిల్లాలోనివై, 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లాలో చేరినవి. ఇరకము వారు తరతరములుగా భీములవారిపాలెము రేవునుండి పడవ మీద రాకపోకలు సాగించినవారు.

ఈ దీవులు మొదటినుండి మారుమూలలు కావు. 1613లో పళవేర్కాడులో కోట కట్టిన డచ్చివారు ఈ తీరపు నేతబట్టలను ఓడలకెత్తి జావా, మొలుక్కా దీవులకు పంపి, అచ్చటి సుగంధద్రవ్యములను కొనిరి. అనగా నేడు ఇండోనేషియా యనబడు దేశపు దూరదీవులలో మన సాలెవాని పంచె నాణెమువలె చెల్లినది. తరువాత 1806లో మొదలై క్రమముగా పొడిగింపబడిన బకింగ్‌హాం కాలువ మీద శ్రీహరికోట వంటచెరకు మదరాసునకు పోవుచుండెను. నీరే రాజమార్గమైన దినములలో దీవి బాటప్రక్క ఊరు. రైలును, లారీయును పడమటి గట్టున నడచి, కాలువ పూడిన పిమ్మట అదే దీవి మారుమూల అయినది. నేల కదలలేదు, దారి కదలినది.

శ్రీహరికోట కథ మరియొక పాఠము. 1969లో రాకెట్ల కేంద్రమునకై ప్రభుత్వము ఆ దీవిని ఎన్నుకొనెను. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు ఎగిరెను. సూళ్లూరుపేటనుండి సరస్సును దాటి చక్కని రోడ్డు నడచుచున్నది. కాని ఆ రోడ్డు వచ్చునాటికి అచ్చటి గ్రామస్థులనేకులు దీవిని విడిచి వెళ్లవలసి వచ్చినది. దారి కోరువారు ఆ దారి ఎవరి కొరకో ముందుగా విచారించుకొనవలెను.

ఇక జీవనము. దీవికి ప్రాణము తియ్యనీరు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలియుండును. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు తియ్యనీరు నిలిచినచో, దాని క్రింద సుమారు 40 అడుగుల వరకు తియ్యనీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. దీని తిరుగుడు లెక్కయే మనకు ముఖ్యము: మోటారు పెట్టి పైమట్టమును ఒక అడుగు దింపినచో క్రిందినుండి ఉప్పు అనేక అడుగులు పైకి లేచును. అందుచే లోతు బోరు దీవికి శత్రువు. మన పెద్దలు త్రవ్విన దొరువే సరియైన సాధనము. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. కొద్దికొద్దిగా తోడిన ఊట తిరిగి నిండును. బాపట్లలోని పరిశోధనా కేంద్రము వారు దొరువునకు ఇసుకలో అడ్డముగా గొట్టములు పరచి ఊటను పెంచు పద్ధతిని రూపొందించిరి. దొరువు చుట్టు కూరగాయలు, నారుమళ్లు, వానపంటగా వేరుసెనగ, గాలికి అడ్డుగా సరుగుడు: ఇసుకనేలకు తగిన సేద్యమిది.

ఆస్తి విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. దీవిలో కంటికి కనబడు భూమియంతయు అమ్మదగినది కాదు. సరస్సు గర్భము ఎవ్వరి పట్టాయు కాదు. 1976లో ఈ సరస్సు పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడినది గనుక వంతెన, రోడ్డు, కట్టడము ఏదైనను అటవీశాఖ అనుమతితో ముడిపడియుండును. 1991లో వెలువడి 2011, 2019లలో మారిన సముద్రతీర నిబంధనలు వేరు. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్‌మెంటు భూముల క్రయవిక్రయములను 1977 నాటి చట్టము నిషేధించినది. 2023 సవరణ 20 ఏండ్లు నిండినవారికి కొంత హక్కు కల్పించినను, తరువాతి ఉత్తర్వులను చూడక బయానా ఇచ్చుట ప్రమాదము. అడంగలు, 1-బి, ఈసీ, 22-ఎ జాబితా ఈ నాలుగును చూచి, సర్వేయరుచే హద్దులు కొలిపించి, పిమ్మట మాత్రమే దస్తావేజు వ్రాయించుకొనవలెను. "రేపు వంతెన వచ్చును, అంకణము ధర పదింతలగును" అని చెప్పు దళారికి చెవియొగ్గరాదు. అట్లే "వంతెన ఎన్నటికిని రాదు, వచ్చినకాడికి అమ్ముకొనుము" అనువానికిని చెవియొగ్గరాదు. ఇద్దరిదియు ఒకటే వ్యాపారము.

కాగితము లేని ఆస్తియు కలదు. సరస్సు దక్షిణ భాగపు బెస్తవారిలో పాడు అను కట్టుబాటున్నది. రొయ్యలు దొరకు తావులను వంతులుగా పంచుకొని, ఏ దినమున ఎవ్వరు ఎచ్చట వల వేయవలెనో చీట్లు వేసి నిర్ణయింతురు. మంచి తావు నేడు ఒకనికి, రేపు మరియొకనికి. అయితే వంతు పరిధిలోనివారికి రక్షణ, వెలుపలివారికి అడ్డు అను లోపము దీనియందు కలదు. ఏ సహకార నియమావళి వ్రాసినను ఈ లోపమును ముందు తలచుకొనవలెను.

రాకపోకల ఖర్చును లెక్క వేయుదము. నెల్లూరు పుట్టి ధాన్యము 850 కిలోలు. 75 కిలోల బస్తాలు పదకొండుకు పైచిలుకు. మెట్ట ఊరిలో ప్రతి బస్తాను బండికెత్తుట, దించుట రెండు పనులు. దీవిలో పొలమునుండి రేవునకు, రేవునుండి పడవకు, పడవనుండి గట్టునకు, గట్టునుండి లారీకి నాలుగు ఎత్తుళ్లు; ఆపైన పడవ కేవు. ప్రతి రైతును ఒంటరిగా బేరమాడినచో ఈ భారమంతయు అతని ధరలోనుండియే కోతపడును. పదిమంది సరుకును ఒక్క దినమున, ఒక్క పడవలో, ఒక్క లారీకి చేర్చినచో ఆ కోత తగ్గును.

ఇండోనేషియాలో 17,000కు మించిన దీవులున్నవి. లాభము రాని దూరదీవులకు అచ్చటి ప్రభుత్వము తన సొమ్ముతో ఓడలు నడపించును. అచ్చటివారికి ఆ ఓడ వేగముకంటె దాని క్రమము ముఖ్యము. ఫలానా దినమున వచ్చునని తెలిసినపుడే రైతు కోతను, వర్తకుడు కొనుగోలును కుదుర్చుకొనును. మన దీవులవారు ప్రభుత్వమునడుగవలసిన మొదటి కోరికయు అదియే: వంతెన వచ్చువరకు వేళ తప్పని పడవ.

ఆ పడవ క్షేమమైనది కావలెను. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద పడవ మునిగి విహారమునకు వచ్చిన 22 మంది మరణించిరి. 1984 నవంబరులో తుపాను శ్రీహరికోట వద్దనే తీరము దాటినది. ఇట్టి నీటిమీద లెక్కకు మించి ఎక్కించుకొను పడవ ఎంత చౌకయైనను చౌక కాదు.

సోదరులారా, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద వేర్వేరు కుటుంబములకు చెందిన పదిమంది కలసిన ఒక సంఘము నమోదు చేసికొనవచ్చును. దీవి గ్రామస్థులు ఇట్టి సంఘముగా చేరి ఒక మరపడవను, ప్రతి మనిషికి ఒక తేలుడు కవచమును, రేవున ఒక పాకను, ఒక కాటాను సమకూర్చుకొనుట అసాధ్యము కాదు. చదువుకొన్న పిల్లలు గట్టుకు పోయి తిరిగి రాకుండుటకు కారణము ఊరిమీద ప్రేమ లేక కాదు; సాయంకాలము ఇల్లు చేరుదుమను నమ్మకము లేక. ఆ నమ్మకము కలిగిననాడు దీవిలోని పొలము తిరిగి పొలమగును, ఇల్లు తిరిగి ఇల్లగును. దానిని అమ్ముటయా, నిలుపుకొనుటయా యను ప్రశ్నకు అప్పుడే సరియైన ధర తెలియును. అంతవరకు తొందరపడి వ్రేలిముద్ర వేయకుడు.